తాత మెడ ఎందుకు కమిలింది?

పిల్లలూ! పటాన్‌చెరు నుంచి ఒక అమ్మాయి అడిగింది: "సారూ, మా తాతకూ, పక్కింటి తాతకూ గొంతు కేన్సరు. ఇద్దరికీ ఒకే మోతాదు కిరణాలు పెట్టారు. మా తాతకే మెడ కమిలి తోలు ఊడింది. డాక్టరు తప్పా?"

తప్పు కానక్కరలేదమ్మా. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955 నుంచీ వున్న మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రిలోనైనా, విదేశాలలోనైనా ఈ తేడా కనిపిస్తుంది. కిరణాలు కణాలలోని డి.ఎన్‌.ఏ. పోగులను తెంపుతాయి. మంచి కణాలు వాటిని అతుక్కుంటాయి. కేన్సరు కణాలకు ఆ నేర్పు తక్కువ. అందుకే మోతాదును రోజుకు కొంచెంగా, వారాల తరబడి ఇస్తారు. అయితే ఆ నేర్పు అందరి ఒంట్లోనూ ఒకటిగా వుండదు. 1995లో ఎ.టి.ఎం. అనే జన్యువును కనిపెట్టారు. పుట్టుకతోనే అది పూర్తిగా చెడినవాళ్లు మామూలు మోతాదుకే తాళలేరు. అలాంటివాళ్లు బహు అరుదులే.

మరి అందరికీ తగ్గించి ఇస్తే? తట్టుకోగల ఎక్కువమందికి రోగం తిరగబెడుతుంది. చిక్కంతా ఇదే! కనుక ముందే పసిగట్టాలని, రోగి నెత్తురు కాస్త తీసి, తెల్లకణాలకు కిరణాలు తగిలించి, ఎన్ని చచ్చాయో శాస్త్రజ్ఞులు లెక్కపెడుతున్నారు. కాని నెత్తురు చెప్పినట్లే చర్మం నడవదు. పొగతాగుడూ, మధుమేహమూ కూడా కలుస్తాయి. ఆ పరీక్ష ఇంకా మామూలు వాడుకలోకి రాలేదు.

తాత మెడకు ఆకు పసరులేవీ పూయకండి. డాక్టరుకు చూపించండి, ఆయన చెప్పనిదే వైద్యం మధ్యలో మానవద్దు.