వంగడమొక్కటే విద్య కాదు

‘స్టీరబుల్ క్యాథెటర్’కు తెలుగు మాట వెదుకుతూ పోతే మొదట తట్టినది ‘చుక్కాని గొట్టం’. వినడానికి బాగానే ఉన్నది గానీ నాకు తృప్తి కలుగలేదు. పడవ నడిపేవాని చేతికి చుక్కాని అందుబాటులో ఉంటుంది. ఈ గొట్టంలో తిరగవలసిన కొన మాత్రం వైద్యుని చేతికి మీటరు దూరాన, కొట్టుకుంటున్న గుండెలో ఉంటుంది. ఆ మీటరు పొడవునా ఏమి జరుగుతుందన్నదే అసలు కథ. అయినా ఈ పరికరాలను గురించి వ్రాసే వార్తలలో గానీ, అమ్మేవారి కరపత్రాలలో గానీ సాధారణంగా మొదట కనబడేది కొన ఎన్ని డిగ్రీలు వంగుతుందన్న లెక్క. అది తప్పు కొలత అని నా అభిప్రాయం.

తొడ దగ్గరి ధమని నుంచి గుండెకు పంపే మామూలు క్యాథెటర్ పొడవు సుమారు 100 సెంటీమీటర్లు, లావు 2 మిల్లీమీటర్లు. వైద్యుల లెక్కలో ఇది 6 ఫ్రెంచ్. మూడు ఫ్రెంచ్‌లు కలిస్తే ఒక మిల్లీమీటరు. గొట్టం కొలతలన్నీ సగానికి తగ్గిస్తే, వంపుకు అది చూపే నిరోధం పదహారవ వంతుకు పడిపోతుంది. నాళానికి అది మేలే. కానీ మెలికి చూపే నిరోధం కూడా అదే పాళ్లలో పడిపోతుంది. అంటే పిడి దగ్గర తిప్పినది కొనకు చేరదు. మెత్తగా ఉండాలి, మాట వినాలి. ఈ రెండు కోరికలకూ సహజంగా పొసగదు.

ఈ చిక్కును విప్పినది అల్లిక. లోపల జారుడు టెఫ్లాన్ పొర, దాని మీద సన్నని ఉక్కు తీగల జడ, ఆపైన ప్లాస్టిక్ తొడుగు. ఏటవాలుగా అల్లిన తీగలు మెలిని మోస్తాయి, వంపుకు దారి ఇస్తాయి. తొడుగు కూడా పిడి దగ్గర గట్టిగా మొదలై, అంచెలంచెలుగా మెత్తబడుతూ కొన దగ్గర సుకుమారమవుతుంది. ఇంత పని గల గొట్టాన్ని ఉత్త గొట్టమనడానికి నాకు మనసొప్పదు.

ఇక వంచే ఏర్పాటు. కాడలో ఒక పక్కగా సాగే సన్నని తీగ, కొన వద్ద చిన్న ఉంగరానికి అతికి ఉంటుంది. పిడి మీది మీట తిప్పితే తీగ బిగుస్తుంది, కొన ఆ పక్కకు వంగుతుంది. సైకిలు బ్రేకు తీగ వంటిదే. ఇక్కడొక మెలిక ఉన్నది. పొగరుబోతు గిత్తను ఆపవలసి వస్తే పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే చాలు, పసివాడైనా నిలుపగలడు. చుట్టు చుట్టుకూ ఒరిపిడి కూడిక చొప్పున కాక హెచ్చవేత చొప్పున పెరగడమే అందుకు కారణం. పొలంలో మనకు తోడైన ఆ సూత్రమే ఇక్కడ పగ పడుతుంది. ఒరిపిడి గుణకం 0.2 అనుకుందాం. దారిలోని వంపులన్నీ కలిపి 180 డిగ్రీలైతే, లాగిన బలంలో కొనకు చేరేది 53 శాతం. 360 డిగ్రీలైతే 28 శాతం. బల్ల మీద తిన్నగా పరచి కొలిచిన వంపు, మెలికలు తిరిగిన నాళంలో అంతగా ఎట్లా నమ్మదగినదవుతుంది?

తిప్పడంలోనూ ఇదే బాధ. చేయి తిప్పుతున్నా కొన కదలదు. మెలి అంతా కాడలో పోగుపడి, ఉన్నట్టుండి విడుదలై కొన కొరడాలా తిరుగుతుంది. ఇంజనీర్లు దీనిని ‘విప్’ అంటారు. ఆ క్షణాన కొన పక్కన ఉన్నది రక్తనాళపు లోపొర. అది చీరితే ప్రాణం మీదికి వస్తుంది.

మా మేనమామకు మణికట్టు గుండా యాంజియోగ్రాం చేసిన రోజున ఆయన నన్నడిగాడు: “లోపల గొట్టం ఎక్కడున్నదో డాక్టరుగారికి ఎట్లా తెలుస్తుందిరా?”

“ఎక్స్‌రే నీడ తెర మీద కనబడుతుంది మామయ్యా.”

“నీడ సరే. తగిలితే తెలుస్తుందా?”

బోరుబావులలో మోటార్లు దింపడమే వృత్తిగా బ్రతికిన మనిషి ఆయన. వంద అడుగుల లోతున పైపు దేనికి తగిలిందో అరచేతితోనే పోల్చుకునేవాడు. ఈ పరికరానికి వేయవలసిన అసలు ప్రశ్న అదేనని నేననుకుంటాను.

1967లో మెల్విన్ జడ్కిన్స్ అనే వైద్యుడు ముందుగానే వంపులు తీర్చిన క్యాథెటర్లను వివరించాడు. మీటా లేదు, లాగే తీగా లేదు. బృహద్ధమని గోడకు ఆనుకుని, తన వంపు బలంతోనే గుండె ధమని ద్వారాన్ని చేరుకుంటుంది. నేటికీ ఆ ఆకారాలు వాడుకలో ఉన్నాయి. చేతికీ కొనకూ మధ్య దళారి లేకపోవడం వాటి బలమని నా నమ్మకం. అయితే గుండె లయ తప్పిన రోగికి కర్ణికలో చోటు చోటుకూ కొనను ఆనించి కాల్చవలసి వచ్చినప్పుడు ఒకే ఆకారం చాలదు. అక్కడ వంగే కొన తప్పనిసరి.

కాడ మీద ఆధారపడకుండా, వెలుపలి అయస్కాంతాలతో కొనను తిప్పే పద్ధతి ఒకటి ఉన్నది. స్టీరియోటాక్సిస్ సంస్థ వారి నయోబీ యంత్రం వాడే క్షేత్రం సుమారు 0.08 టెస్లా. కాడను ఎంతో మెత్తగా చేయవచ్చు కనుక గోడకు రంధ్రం పడే భయం తగ్గుతుంది. 2018 డిసెంబరులో అహ్మదాబాదు వైద్యుడు తేజస్ పటేల్ సుమారు 32 కిలోమీటర్ల దూరం నుంచి రోబో సాయంతో ఐదుగురి గుండె ధమనులకు చికిత్స చేశారు. ఘనకార్యమే, కాదనను. అయినా మామయ్య ప్రశ్న అట్లాగే మిగిలింది. దూరం పెరిగినకొద్దీ ఆజ్ఞ సులువుగానే పోతున్నది. స్పర్శ తిరిగి రావడం లేదు.

అందుకే నాకు రోబోల కన్నా, 2014లో అమెరికాలో అనుమతి పొందిన బలమాపక క్యాథెటర్లు పెద్ద అడుగుగా తోస్తాయి. కొన గోడను ఎన్ని గ్రాముల బలంతో నొక్కుతున్నదో అవి చూపిస్తాయి. 10 గ్రాములకు తగ్గితే కాలిన గాయం నిలకడగా ఉండకపోవచ్చు. మితిమీరితే గోడ తూట్లు పడుతుంది. తగిలితే తెలుస్తుందా అంటే, తెలుస్తుందని చెప్పగలిగినవి ఇవి.

మన సంగతికి వద్దాం. కలాంగారు, సోమరాజుగారు కలిసి హైదరాబాదులో తక్కువ ఖర్చు స్టెంటు రూపొందించిన సంగతి మనమందరం గర్వంగా చెప్పుకుంటాం. 2017 ఫిబ్రవరిలో మందుపూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించినప్పుడు ఊరంతా స్టెంటు మాటే. దానిని గమ్యానికి చేర్చే గొట్టాలు ఆ పరిమితిలో లేవు, చర్చలోనూ అంతగా లేవు. ఒంట్లో మిగిలేదానికే కీర్తి. దారి చూపి బయటికి వచ్చేసేదానికి లేదు.

ఇంజనీరింగు విద్యార్థులు ప్రాజెక్టుగా వంగే కొనను చేసి చూపితే చప్పట్లు కొడతాం. దానికి బదులు, మెలికలు తిరిగిన మీటరు పొడవు గాజు గొట్టంలోంచి దానిని పోనిచ్చి, పిడి తిప్పినదానిలో కొనకు చేరినదెంత, కొనకు తగిలినదానిలో పిడికి తిరిగి వచ్చినదెంత అని అడగాలి. కరపత్రంలోనూ ఆ రెండు అంకెలే ముందుండాలి, డిగ్రీలు తరువాత.

మాట మాత్రం ఇంకా కుదరలేదు. ఆజ్ఞా స్పర్శా రెండూ ధ్వనించే తెలుగు మాట మీలో ఎవరికైనా తడితే చెప్పగలరు.