టిప్పు మన ఇష్టం... మరి సర్వరు జీతం?

హోటల్లో సోంపు గిన్నెతోబాటు బిల్లు రాగానే చాలా కుటుంబాల్లో ఒక చిన్న రహస్య సమావేశం జరుగుతుంది. "ఎంత పెడుతున్నారు?" "ఇరవై చాలదూ?" "మరీ ఇరవయ్యా, బాగుండదేమో!" ఇదంతా సగం కళ్ళతోనూ, సగం మోచేతులతోనూ నడిచిపోతుంది. సర్వరు మాత్రం ఏమీ ఎరగనట్టు పక్క టేబులు తుడుస్తూ ఉంటాడు.

ఇంత చిన్న విషయం మీద పెద్ద పెద్ద వకీళ్ళు ఏళ్ళ తరబడి హైకోర్టులో వాదించుకున్నారంటే నమ్ముతారా? వాదించుకున్నారు. ఎందుకంటే మనం ఇష్టపడి ఇచ్చే టిప్పును కొన్ని రెస్టారెంట్లు 'సర్వీస్ ఛార్జి' అని పేరు మార్చి, మనల్ని అడక్కుండానే బిల్లులో కలిపేయడం మొదలుపెట్టాయి.

సర్వీస్ ఛార్జి కట్టాలా వద్దా అన్నది తినేవాళ్ళ ఇష్టమేనని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లోనే చెప్పింది. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇంకాస్త గట్టిగా మార్గదర్శకాలిచ్చింది. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతటదిగా వేయకూడదు, పేరు మార్చి వసూలు చేయకూడదు, కట్టనంటే లోపలికి రానివ్వమనకూడదు, దాన్ని బిల్లులో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు అంది. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే అదే నెల 20న స్టే వచ్చింది. చివరికి 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చి, పిటిషన్లు కొట్టేసి, ఒక్కోదానికి లక్ష రూపాయల ఖర్చులు కూడా విధించారు. సంఘాలు డివిజన్ బెంచికి అప్పీలు చేసుకున్నాయి.

ఇందులో మన పర్సు సంగతేమిటో చూద్దాం. రెండు వేల రూపాయల భోజనమనుకోండి. 5 శాతం జీఎస్టీతో 2,100 అవుతుంది. అదే పది శాతం సర్వీస్ ఛార్జి కలిపితే 2,200, దానిమీద జీఎస్టీ 110, మొత్తం 2,310. అంటే 210 రూపాయలు అదనం. 'ఛార్జి' అన్న మాట జీఎస్టీ పక్కన కనిపించేసరికి అదీ ప్రభుత్వానికి వెళ్ళే పన్నే కాబోలనుకుని కట్టేసేవాళ్ళు ఎంతమందో! పన్ను కాదు. తీసేయమని అడగొచ్చు. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

కానీ అడిగేదెవరు? కూరగాయల బండి దగ్గర రెండు రూపాయలకు గీచిగీచి బేరమాడే మనమే, ఏసీ హాల్లోకి వెళ్ళగానే నోరు కుట్టేసుకుంటాం. బిల్లు తెచ్చిన మనిషి ఎలాగూ దాన్ని మగవాళ్ళ ముందే పెడతాడు. నలుగురిలో లెక్క అడిగితే పిసినారులనుకుంటారని వాళ్ళూ అడగరు. బండివాడికి తగ్గించి ఇచ్చి, యజమానికి కిమ్మనకుండా ఎక్కువిచ్చి వస్తాం. ఎంత విచిత్రం!

రెస్టారెంట్లవాళ్ళ మాటా ఓసారి వినాలి. టిప్పు అయితే వడ్డించినవాడికే పోతుంది, లోపల వండేవాళ్ళకీ, అంట్లు తోమేవాళ్ళకీ ఏముంటుంది, సర్వీస్ ఛార్జి అయితే అందరికీ పంచుతాం అంటారు. ఈ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. పొద్దున్నుంచీ ఉల్లిపాయలు తరిగి, గిన్నెలు తోమి, చేతులు పగిలేది చాలాచోట్ల ఆడవాళ్ళకే. వాళ్ళ మొహం మనకు కనబడదు గనక మన టిప్పూ వాళ్ళకు కనబడదు. అయితే నిజంగా పంచుతున్నారో లేదో మనకెలా తెలుస్తుంది? ఓసారి ఒక పెద్ద హోటల్లో సర్వీస్ ఛార్జి వేసిన బిల్లు చూపించి, ఇందులో మీకెంత వస్తుందని సర్వర్ని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. వెనకాలే మేనేజరు ఉన్నాడు మరి! పనివాళ్ళందరికీ మేలు చెయ్యాలనుంటే ఆ పది శాతం దోసె ధరలో కలిపి, జీతాలు పెంచితే సరిపోతుంది కదా? ధర ముందే తెలిస్తే తినాలో మానాలో మనమే తేల్చుకుంటాం.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన తల్లిదండ్రులు చెప్పే కబుర్లలో టిప్పు తప్పకుండా ఉంటుంది. "తిన్నదానికి ఇరవై శాతం మళ్ళీ టిప్పా!" అని గుండెలు బాదుకుంటారు. అక్కడ దాని కథ వేరు. టిప్పులొచ్చే పనివాళ్ళకు యజమాని నేరుగా ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచీ అదే అంకె! మిగతా కార్మికులకు 7.25 డాలర్లు. ఆ తేడా టిప్పులతో పూడకపోతే యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం పూర్తి వేతనం ఇప్పిస్తున్నాయి. ఈ పద్ధతి వెనక ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 1865లో బానిసత్వం రద్దయ్యాక రైళ్ళలో పోర్టర్లుగా, హోటళ్ళలో వెయిటర్లుగా చేరిన నల్లజాతివాళ్ళకు నామమాత్రం జీతమిచ్చి, మిగతాది ప్రయాణికుల దయకు వదిలేశారు. అక్కడ టిప్పు ఇవ్వకపోవడమంటే మర్యాద తప్పడమే కాదు, ఒకరి కూలి ఎగ్గొట్టినట్టు. జపాన్‌లో ఇందుకు పూర్తిగా తిరకాసు. అక్కడ టిప్పు ఇచ్చే అలవాటే లేదు, టేబులు మీద వదిలేస్తే మర్చిపోయారనుకుని తెచ్చి ఇస్తారు. బ్రిటన్‌లోనైతే వచ్చిన టిప్పులన్నీ పనివాళ్ళకే చేరాలంటూ చేసిన చట్టం 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మన దగ్గర టిప్పును జీతంలో జమకట్టుకునే వీలు యజమానికి లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం పోయి, 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ వచ్చింది. ఏ చట్టం కిందనైనా కనీస వేతనం యజమాని జేబులోంచే రావాలి. కాబట్టి "టిప్పులొస్తాయిగా, జీతమెందుకు?" అనే యజమాని మాట చట్టం ముందు చెల్లదు. కాకపోతే చట్టం పుస్తకంలో ఉంటుంది, సర్వరు హోటల్లో ఉంటాడు.

ఇంకో మాట. మనకు 'బక్షీష్' వేరు, 'మామూలు' వేరు. సంతోషం కొద్దీ ఇచ్చేది బక్షీష్. ఇవ్వకపోతే పని జరగదని భయపడి ఇచ్చేది మామూలు. కాన్పు వార్డులో బిడ్డను చూపించడానికి మగపిల్లాడికో రేటు, ఆడపిల్లకో రేటు పెట్టి చెయ్యి చాపడం మనకు తెలియనిదా? దాన్ని టిప్పు అనగలమా? ఇప్పుడీ జబ్బు ఫోన్లలోకీ వచ్చింది. బండి రాకముందే, త్వరగా కావాలంటే ఇంత ఎక్కువివ్వండని క్యాబ్ యాప్‌లు అడగడం మొదలుపెడితే, 2025 మేలో అదే ప్రాధికార సంస్థ ఒక కంపెనీకి నోటీసిచ్చింది. పని జరగకముందే తీసుకునేది మెచ్చుకోలు ఎలా అవుతుంది?

మరి మనమేం చేద్దాం? మొదటిది, బిల్లు ఎవరి ముందు పెట్టినా మనమూ చదువుదాం. సర్వీస్ ఛార్జి ఉంటే గొడవ పడక్కర్లేదు, "ఇది తీసేసి ఇంకో బిల్లు ఇవ్వండి" అంటే చాలు. రెండోది, అలా తీయించుకున్నాక ఆ డబ్బంతా మిగిల్చామని మురిసిపోకుండా, అందులో కొంతైనా వడ్డించిన మనిషి చేతికిద్దాం. ఇదివరకు చిల్లర ప్లేటులో మిగిలేది. ఫోన్‌తో డబ్బు కట్టడం వచ్చాక చిల్లరా లేదు, టిప్పూ లేదు. కౌంటర్లోని క్యూఆర్ కోడ్‌కు ఎక్కువ కొట్టినా అది చేరేది యజమాని ఖాతాకే. అందుకే పర్సులో నాలుగు పది నోట్లు విడిగా ఉంచుకోవడం మంచిది. టేబులు తుడిచే కుర్రాణ్ణీ, వాష్‌బేసిన్ దగ్గర నిలబడే ఆవిణ్ణీ మర్చిపోవద్దు. మూడోది, ఆడవాళ్ళం నలుగురం కలిసి వెళ్తే "వీళ్ళు గంటసేపు కూర్చుంటారు, ఏమీ ఇవ్వరు" అని సర్వర్లు మొహం తిప్పుకుంటారంటారు. ఇంట్లో డబ్బు మన చేతిలో లేనన్నాళ్ళూ ఆ మాట పడ్డాం. ఇప్పుడు మన సంపాదనతో మనమే బిల్లు కట్టే రోజుల్లో ఆ మాట మిగలనివ్వకూడదు.

అలాగని అప్పు చేసి టిప్పివ్వమనడం లేదు. ఇవ్వలేనివాళ్ళు సిగ్గుపడనక్కర్లేదు. వేళ్ళతో చిటిక వేసి "ఏయ్" అని పిలిచి యాభై పెట్టేవాళ్ళకంటే, "బాబూ, కాసిని మంచినీళ్ళు" అని అడిగి, లేచేటప్పుడు "చాలా బాగా పెట్టావు నాయనా" అనేవాళ్ళే నయం. ఆ మంచిమాటతో అతని ఇంట్లో పొయ్యి వెలగదు, నిజమే. మనమిచ్చే పది నోటుతోనూ వెలగదు. అది వెలగాల్సింది నెల తిరిగేసరికి యజమాని ఇచ్చే జీతంతో. ఆ జీతం సరిగ్గా ఇస్తున్నారా అన్న ప్రశ్న కోర్టులో రెస్టారెంట్లకూ మనకూ జరిగిన వాదనలో పక్కకు పోయింది. తినేవాళ్ళుగా మన 210 రూపాయలు మనం కాపాడుకున్నాం, సంతోషమే. వడ్డించేవాళ్ళ లెక్క కూడా ఎవరైనా అంత గట్టిగా అడగాలి.