కంప్యూటర్ కబుర్లు: ఇంటి కెమెరాకు సాఫ్ట్‌వేర్ కొనాలా?

"ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. వాకిట్లో వైఫై కెమెరా పెట్టించాను. రాత్రి తలుపు తట్టింది ఎవరో ఆమె కంప్యూటర్‌లో చూసుకోవాలి. షాపువాళ్లు సాఫ్ట్‌వేర్‌కు వేరే డబ్బు అడుగుతున్నారు. కట్టాలా?" - రుమైథియా నుంచి ఒక సోదరుడి ప్రశ్న ఇది.

చాలా కెమెరాలకు అక్కర్లేదు. వీఎల్‌సీ ప్లేయర్ ఉచితం. అందులో మీడియా మెనూలో ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్ నొక్కి, కెమెరాతో వచ్చిన పుస్తకంలోని ఆర్‌టీఎస్‌పీ అడ్రసు కొట్టించండి. బొమ్మ వస్తుంది. దాన్ని ప్లేలిస్టుగా సేవ్ చేసి డెస్క్‌టాప్ మీద పెడితే, అమ్మ రెండుసార్లు నొక్కితే చాలు.

కొత్తగా కొనేవారు ఆర్‌టీఎస్‌పీ ఉందో లేదో ముందే అడగండి. బ్యాటరీ కెమెరాల్లో చాలావాటికి ఉండదు. రికార్డింగుకు నెలనెలా కట్టే బదులు మెమరీ కార్డు వేయించండి.

ఈ పద్ధతి ఇంటి వైఫై వరకే. కువైట్ నుంచి మీరు చూడటానికి కెమెరా కంపెనీ ఇచ్చే యాప్ వాడండి. అందుకోసం రౌటర్‌లో పోర్టు తెరవనివ్వకండి.

అన్నిటికన్నా ముందు పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని లక్షల పరికరాల్లో దూరింది. వాటిలో ఇలాంటి కెమెరాలూ ఉన్నాయి. కొత్త పాస్‌వర్డ్ బిగించిన మెకానిక్‌కు కూడా చెప్పకండి. అమ్మ వాకిలి మీరు చూడాలి గానీ ఊరంతా చూడకూడదు కదా!