ఎవరిచ్చారు, ఎటు ఓటేశారు: ఓటర్లుగా మా ప్రణాళిక

మన ఎమ్మెల్యే, మన ఎంపీ ఎవరి డబ్బుతో గెలిచారు, గెలిచాక సభలో ఎటు ఓటేశారు? ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసే హక్కు ఓటరుకు ఉందని మేము నమ్ముతున్నాం. ఆ పని కోసమే కూడుకున్నాం.

పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే వీలు కల్పించిన ఎన్నికల బాండ్ల పథకం 2018లో మొదలైంది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆరేళ్లు ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో ఓటరుకు తెలియదు. లాటరీల వ్యాపారంలో ఉన్న ఫ్యూచర్ గేమింగ్ 1,368 కోట్లకు, హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్లకు బాండ్లు కొన్నాయని కోర్టు పట్టుబట్టాకే బయటికొచ్చింది. చందా ఇచ్చిన ప్రతివాడూ లంచమిచ్చాడని మేము అనం. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే సంస్థ ఎవరికి ఎంతిచ్చిందన్నది మాత్రం పోలింగుకు ముందే తెలియాలంటాం.

'అది పార్టీ ఖాతా, నాకేం సంబంధం' అని ఎమ్మెల్యే, ఎంపీ ఇచ్చే జవాబును ఒప్పుకోం. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. పార్టీ చెప్పినట్టే ఓటేసే సభ్యుడు పార్టీకి అందిన డబ్బుకూ జవాబుదారే.

ఇక ఓటు సంగతి. 2014 ఫిబ్రవరి 18ని తెలుగువాళ్లెవరూ మరిచిపోలేరు. తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. విభజన కోరినవాళ్లమూ, వద్దన్నవాళ్లమూ మాలో ఉన్నాం. ఆ బిల్లుకు తమ ఎంపీ అవునన్నాడా కాదన్నాడా అని చూసుకోవడానికి ఇద్దరికీ జాబితా లేదు. 2018 మార్చిలో ఫైనాన్స్ బిల్లు లోక్‌సభలో చర్చే లేకుండా గడిచిపోయింది. పార్టీలు తీసుకున్న విదేశీ విరాళాలకు 1976 నుంచీ వర్తించేలా రక్షణ కల్పించిన సవరణ అందులోనే ఉంది. తమ పార్టీల చందాల మీద తామే చేసుకున్న చట్టమది! అలాంటి బిల్లులపైనైనా డివిజన్ ఓటింగ్ జరగాలి, ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో అచ్చు కావాలి. పార్లమెంటులోనే కాదు, అమరావతి, హైదరాబాద్ అసెంబ్లీల్లోనూ.

మేము ఏ పార్టీ నుంచీ పైసా తీసుకోం. మేం ఓటేసిన పార్టీనీ ప్రశ్నించకుండా వదలం.

ఈ పనిలో మొదటి అడుగు మీరూ వేయవచ్చు. అభ్యర్థి ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. షామియానా, కుర్చీలు, టీ, ఆటోల దగ్గర్నుంచి పార్టీ ఇచ్చిందెంత, ఇతరులిచ్చిందెంత అన్నదాకా అందులో ఉండాలి. ఒక్క రూపాయి రుసుము కడితే ఆ లెక్కను ఎవరైనా చూడవచ్చని నిబంధనే చెబుతోంది. మీ జిల్లా కేంద్రానికి వెళ్లండి, రూపాయి కట్టండి, మీ ఎమ్మెల్యే లెక్క చూపించమని అడగండి.