రెండు తూనికరాళ్లు

2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్ రాకెట్ విరగ్గొట్టింది, అంపైర్‌ను 'దొంగ' అంది. ఒక గేమ్ పోయింది, 17,000 డాలర్ల జరిమానా పడింది. తప్పు తప్పే.

కానీ ఆ వెంటనే ఆస్ట్రేలియా పత్రిక హెరాల్డ్ సన్ వేసిన వ్యంగ్యచిత్రం ఆమె చేష్టతో ఆగలేదు. నల్లజాతి స్త్రీ పెదవులను, దేహాన్ని వికారంగా పెంచి చూపింది.

అంపైర్లపై కేకలకు పేరుపడిన జాన్ మెకెన్రోకూ శిక్షలు పడ్డాయి. అయితే అతని కోపాన్ని లోకం తర్వాత ముచ్చటగా చెప్పుకుంది, వాణిజ్య ప్రకటనలకూ వాడుకుంది.

ప్రియ పాఠకులారా, తప్పును తూచవలసిందే. కానీ మగవాని కోపానికి ఒక తూనికరాయి, నల్లజాతి స్త్రీ కోపానికి మరొకటి వాడితే అది న్యాయం కాదు. మన ఇళ్లలో, సంఘాలలో గొంతెత్తిన స్త్రీని మనం ఏ రాయితో తూస్తున్నాం?