తాళం ఎవరు వేయాలి?

“తప్పు పిల్లవాడిది, తలిదండ్రులది కాదు” అనేవారు అమెరికాలో నేటికీ వున్నారు. నేను ఒప్పుకోను. నా మనవడు మిషిగన్‌లో బడికి పోతున్నాడు. నాకిది దూరదేశపు వార్త కాదు.

2021 నవంబరులో ఆ రాష్ట్రంలోనే ఒక తండ్రి తుపాకీ కొన్నాడు. నాలుగు రోజులకు, 30వ తేదీన, పదిహేనేళ్ల కొడుకు దానితో ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో నలుగురు విద్యార్థులను చంపాడు. ఆ ఉదయమే బడివారు తలిదండ్రులను పిలిచి, వాడు గీసిన తుపాకీ బొమ్మ చూపారు. వారు కొడుకును యింటికి తీసుకుపోలేదు. కొత్త తుపాకీ సంగతి చెప్పనూ లేదు. దానితో వచ్చిన తాళం పొట్లం విప్పకుండానే పడివున్నది. 2024లో యిద్దరికీ 10 నుండి 15 సంవత్సరాల శిక్ష పడింది.

దానితో తృప్తిపడదామా? శిక్ష చావు తర్వాత వస్తుంది. తాళం చావుకు ముందు పడాలి. పిల్లలున్న యింట తుపాకీకి తాళం వేయాలనే చట్టం మిషిగన్‌లో అమలుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో!

హక్కు పోతుందంటారా? 2008లో ఆ హక్కును నిలబెట్టిన సుప్రీంకోర్టే, ప్రమాదాల నివారణకు తుపాకులను భద్రపరచమనే చట్టాలకు తన తీర్పు అడ్డు కాదన్నది. పురుగుమందు డబ్బాను పిల్లలకందకుండా పైన పెట్టే రైతు తన హక్కు పోయిందని యేడవడు గదా!

2020లో ఆ దేశపు పిల్లల, కిశోరుల మరణాలకు మొదటి కారణం తుపాకీయే. కనుక అక్కడి మనవారితో నా మాట ఒకటే: పిల్లలను ఎవరింటికైనా ఆటకు పంపేముందు, “తుపాకీ వున్నదా? తాళం వేశారా?” అని అడగండి. మొగమాటం పిల్లల ప్రాణం కన్న గొప్పది కాదు.