అప్పు లోతు కొలిచిన నవ్వుల మనిషి

‘రాజు పేద’ సినిమా మనలో పెద్దవాళ్లు చాలామంది చూసే ఉంటారు. 1954లో వచ్చింది. ఎన్టీ రామారావు, ఎస్వీ రంగారావు నటించారు. రాజుగారి కొడుకు, పేదింటి పిల్లాడు బట్టలు మార్చుకుని ఒకరి బతుకు ఇంకొకరు బతికే కథ. దానికి మూలం అమెరికా రచయిత మార్క్ ట్వైన్ 1881లో అచ్చువేయించిన నవల. ఆయన రాసిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలను నండూరి రామమోహనరావు గారు తెలుగులోకి తెచ్చారు. స్కూలుకు వెళ్లిన వాళ్లలో కొందరికైనా ఆ పేర్లు గుర్తుండాలి.

అమెరికాను కడుపుబ్బ నవ్వించిన ఈ రచయితతో లేబర్ క్యాంపులో ఉండే మనకు పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఆయన కూలి చేశాడు, ఊరు వదిలాడు, అప్పుల్లో మునిగాడు, ఆ అప్పు తీర్చడానికి అరవై ఏళ్ల వయసులో సముద్రాలు దాటాడు. ఈ నాలుగూ తెలియని మనిషి మన క్యాంపుల్లో ఎవరున్నారు?

ఆయన అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో మిస్సోరి రాష్ట్రంలో పుట్టాడు. పదకొండేళ్ల వయసులో తండ్రి చనిపోయాడు. చదువు ఆగింది, ప్రింటింగ్ ప్రెస్సులో చేరాడు. అక్కడ జీతం లేదు, తిండీ బట్టా మాత్రమే. ఆ బట్టలు కూడా యజమాని తొడిగి వదిలేసినవి. పదిహేడేళ్లు నిండాక ఊరు వదిలి సెయింట్ లూయిస్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల్లో ప్రెస్సు పనులు చేశాడు.

1857లో మిసిసిపీ నదిలో ఆవిరి పడవలు నడిపే పని నేర్చుకోవడానికి కుదిరాడు. నేర్పే పైలట్‌కు ఇవ్వాల్సిన ఫీజు 500 డాలర్లు. చేతిలో లేదు. బావ దగ్గర కొంత చేబదులు తీసుకుని, మిగతాది జీతం వచ్చాక తీరుస్తానని ఒప్పుకున్నాడు. పని దొరకాలంటే ముందు అప్పు చేయాలన్న సంగతి మనకు కొత్త కాదు కదా! అదే పడవలో తమ్ముడు హెన్రీకి కూడా పని ఇప్పించాడు. 1858లో ఆ పడవ బాయిలర్ పేలి తమ్ముడు చనిపోయాడు. తానే తెచ్చి పెట్టాను కదా అన్న బాధ ఆయన్ను చివరిదాకా వదల్లేదు.

మార్క్ ట్వైన్ అన్న పేరు కూడా ఆ నది పనిలోంచి వచ్చిందే. తాడు వదిలి నీటి లోతు కొలిచేవాడు ఆ మాట అరిస్తే, రెండు బారల లోతు ఉంది, పడవకు భయం లేదని అర్థం. 1863 నుంచి పత్రికల్లో ఆ పేరుతో రాయడం మొదలుపెట్టాడు. లోతు తెలియకుండా పడవ నడపకూడదని పనిలో నేర్చుకున్న మనిషి, డబ్బు విషయంలో మాత్రం లోతు చూసుకోకుండా దిగాడు.

పుస్తకాలు బాగా అమ్ముడై పేరు వచ్చాక, అచ్చు అక్షరాలను తానంతట తానే కూర్చే కొత్త యంత్రం ఒకటి తయారవుతోందని తెలిసి అందులో డబ్బు పెట్టాడు. పేజ్ అనే ఆయన చేస్తున్న యంత్రం అది. వేలకు వేలు భాగాలున్న ఆ యంత్రం ఒకరోజు నడిచేది, మరునాడు మొరాయించేది. లక్షన్నర డాలర్లకు పైగా అందులో పోసినా పని కాలేదు. ఈలోగా లైనోటైప్ యంత్రం వచ్చి బజారును పట్టుకుంది. ఆయన పెట్టిన పుస్తకాల కంపెనీ కూడా 1894 ఏప్రిల్‌లో మూతపడింది. ఇవ్వాల్సిన వాళ్లు వంద మందికి దగ్గరగా ఉన్నారు.

ఇక్కడినుంచి ఆయన చేసిన పనులే మనం బాగా చూడాల్సినవి.

మొదటిది, లెక్క మొత్తం తెలిసిన మనిషి చేతిలో పెట్టాడు. హెన్రీ రోజర్స్ అనే వ్యాపారి ఆయనకు స్నేహితుడు. ట్వైన్ ఏదీ దాచకుండా కాగితాలన్నీ ఆయనకు ఇచ్చాడు. రోజర్స్ అప్పులవాళ్లతో మాట్లాడి గడువు సంపాదించాడు. ఇల్లు, పుస్తకాల హక్కులు భార్య పేరున నిలిచేలా చూశాడు. రెండోది, చట్టం ప్రకారం కొంత ఇచ్చి తప్పుకునే వీలున్నా, ట్వైన్, ఆయన భార్య లివీ నూటికి నూరూ తీర్చాలనుకున్నారు. మూడోది, ఆ సంగతి దాచుకోలేదు. 1895 ఆగస్టులో పత్రికలకు ఇచ్చిన ప్రకటనలో, నేను అప్పుల్లో ఉన్నాను, తీర్చడానికే ఉపన్యాసాలకు వెళ్తున్నానని లోకమంతటికీ చెప్పాడు.

1895 జులైలో బయలుదేరాడు. కాలి మీద సెగగడ్డ, దగ్గు, నీరసం. అయినా రాత్రి స్టేజీ ఎక్కి జనాన్ని నవ్వించాల్సిందే, నవ్విస్తేనే డబ్బు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, సిలోన్ మీదుగా 1896 జనవరిలో బొంబాయి చేరి, రెండు నెలలకు పైగా మన దేశంలో తిరిగాడు. కాశీ, కలకత్తా, డార్జిలింగ్, లాహోర్ చూశాడు. తిరుగు ప్రయాణంలో మద్రాసులో ఓడ ఒకరోజు ఆగింది. తర్వాత మారిషస్, దక్షిణాఫ్రికా. 1898 మొదట్లో అప్పు పూర్తిగా తీరింది.

దానికి ఆయన కట్టిన అసలు ధర డాలర్లలో లేదు. 1896 ఆగస్టులో ఆయన ఇంగ్లండులో ఉండగా, అమెరికాలో పెద్ద కూతురు సూజీ జబ్బుచేసి ఇరవై నాలుగేళ్లకే చనిపోయింది. భార్య ఇంకా ఓడలోనే ఉంది. ఆయనకు తంతి వచ్చింది. ఆఖరి చూపు దక్కలేదు, అంత్యక్రియలకు అందలేదు. ఈ బాధ ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని మన పాఠకులకు లేదు. సెలవు దొరకక, టికెట్ దొరకక, తల్లి పాడెను ఫోనులో చూసినవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఆ ప్రయాణం గురించి 1897లో ఆయన వేసిన పుస్తకంలో వలస కూలీల సంగతి ఉంది. పసిఫిక్ దీవుల నుంచి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరుకు తోటలకు మూడేళ్ల ఒప్పందం మీద మనుషుల్ని ఓడల్లో తీసుకెళ్లేవారు. వాళ్లకెంతో మేలు చేస్తున్నామని తోటల యజమానులు, ఓడల వాళ్లు చెప్పుకునేవారు. ట్వైన్ వాదన పెట్టుకోకుండా చావుల లెక్క తీశాడు. సొంత దీవిలో యుద్ధం జరిగినప్పుడు వెయ్యికి ఎంతమంది పోతారు, కొత్తగా తోటకు వచ్చినవాళ్లలో ఎంతమంది పోతున్నారు అని పక్కపక్కన పెట్టి, ఈ ఉద్యోగం యుద్ధం కన్నా పన్నెండు రెట్లు ప్రాణాంతకమని తేల్చాడు. కూలీ ఇంటికి తెచ్చుకునే వాచీ, గొడుగు, బూట్లు కొద్దిరోజుల్లో మాయమవుతాయనీ రాశాడు. చదివితే నవ్వొస్తుంది, నవ్వాక గొంతు పట్టుకుంటుంది. సూటుకేసు నిండా సెంటు సీసాలు, దుప్పట్లు పట్టుకుని ఊళ్లో దిగి, నెల తిరక్కుండా మళ్లీ వడ్డీవాడి గుమ్మం తొక్కే మన కథ అందులో కనిపించడం లేదా?

ట్వైన్ అప్పు కథను కొందరు నీతికథలా చెబుతారు. నిజాయితీపరుడు ఏం చేసైనా అప్పు తీరుస్తాడు, మీరూ అలాగే తీర్చండి అంటారు. మేము దీన్ని సగమే ఒప్పుకుంటాం. ఆయనకు లోకమంతా తెలిసిన పేరుంది, డబ్బున్న స్నేహితుడున్నాడు, ఇల్లు కాపాడే చట్టముంది. ఆయన తీర్చింది తాను తీసుకున్న అప్పు. మన వాళ్లలో చాలామంది మోస్తున్నది ఏజెంటు మోసంతో పెరిగిన అప్పు, నూటికి మూడు రూపాయల మిత్తితో ఉబ్బిన అప్పు. ఆయన్ని చూపించి మన వాళ్లను సిగ్గుపడమనడం న్యాయం కాదు.

మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఆయన అప్పును దాచలేదు. మన గదుల్లో ఏం జరుగుతోంది? పక్క బంకులో పడుకునేవాడికి మనకెంత అప్పుందో తెలియదు. ఇంట్లో భార్యకు సగమే తెలుసు. ఫోనులో అంతా బాగానే ఉందంటాం. జీతం రెండు నెలలు ఆగితే, ఆ దాచిన అప్పే లోపల్నుంచి మనిషిని తినేస్తుంది. ఉరితాడు దాకా వెళ్లిన వాళ్ల గురించి తర్వాత వినేది ఒకటే మాట: ‘మాకెవరికీ చెప్పలేదు’.

ట్వైన్ మిసిసిపీ పైలట్ల సంఘం గురించి కూడా రాశాడు. మొదట చేరింది కొద్దిమందే, పడవల యజమానులు ఎగతాళి చేశారు. ఆ కొద్దిమంది రేవు రేవునా తాళం వేసిన పెట్టెలు పెట్టుకున్నారు. నదిలో ఎక్కడ లోతు తగ్గింది, ఎక్కడ ఇసుక మేట వేసింది అన్నది కాగితం మీద రాసి ఒకరికొకరు అందించుకున్నారు. సంఘంలో లేనివాళ్ల పడవలు దెబ్బతిన్నాయి, వీళ్లవి క్షేమంగా నడిచాయి. చివరకు యజమానులే వాళ్ల దగ్గరకు వచ్చారు. నెల జీతం 250 డాలర్లకు పెరిగింది.

మన దేశాల్లో సంఘం పెట్టడం కుదరకపోవచ్చు. సమాచారం పంచుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ ఏజెంటు ఎంత తీసుకున్నాడు, చెప్పిన పనేమిటి, ఇచ్చిన పనేమిటి, ఓటీ లెక్క ఎక్కడ తగ్గించారు, ఇవన్నీ గదిలో నలుగురూ మాట్లాడుకుంటే ఊరి నుంచి వచ్చే తర్వాతి తమ్ముడు అదే గుంటలో పడడు.

అందుకే మా మాట ఇది. వచ్చే శుక్రవారం వంట అయ్యాక ఒక కాగితం తీసుకోండి. అసలు ఎంత, మిత్తి ఎంత, ఇప్పటికి కట్టిందెంత, మిగిలిందెంత రాయండి. లెక్క తెలిసిన మనిషి ఒకరికి, ఇంట్లో ఒకరికి చూపించండి. అంకె పెద్దదిగానే కనబడుతుంది. అయినా లోతు తెలిసిన నీళ్లలోనే పడవ నడపగలం.